పురికొస తోరణం

అనసూయా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున మా పాత శాఖాధిపతి మన తార్నాక ఇంటికి వచ్చాడు. పరామర్శకు కాదు. వాళ్ల కోడలు ఏదో ప్రదర్శనలో చింతగింజల తోరణం కొన్నదట. దాన్ని తెగ పొగిడి, "మీ ఇంట్లోనూ ఇలాంటిదేదో ఉండేది కదండీ?" అన్నాడు.

ఉండేది. నేను యూనివర్సిటీ నుంచి దిద్దడానికి తెచ్చే జవాబు పత్రాల కట్టలకుండే పురికొసను నువ్వు పారేయనిచ్చేదానివి కాదు. దానికి చింతగింజలు గుచ్చి, పగిలిన గాజుల ముక్కలు ముడివేసి గుమ్మానికి తోరణం కట్టావు. ఈ పెద్దమనిషే ఒకసారి టీకి వచ్చి, "ఇదేంటండీ, సంతలో కొట్టులాగా!" అని నవ్వాడు. నువ్వు వంటింట్లోంచి వింటున్నావు. నేను ఆశపడుతున్న రీడర్ ఉద్యోగం ఆయన చేతిలో ఉందని నేనూ నవ్వాను. ఆ సాయంత్రమే తోరణం విప్పేశాను. ఉద్యోగం ఆయన మేనల్లుడికి పోయింది.

"లేదండీ, సంతకు పంపించేశాం" అన్నాను ఇవాళ. ఆయనకేమీ గుర్తు రాలేదు.

ఆయన వెళ్లాక అటక మీద వెతికాను. నీ పాత చీర ముక్కలో మడిచిపెట్టి ఉంది. ఒక్క గింజ రాలలేదు. పాత మేకుకే కట్టాను. నీ ఎత్తుకు కట్టుకున్నది కదా, నా నుదుటికి తగిలింది. అప్పట్లో నేను విసుక్కుంటే, "పుస్తకాల ముంగట పొద్దంత తల వంచుతవు, నా దర్వాజ కాడ గింత వంచితే ఏమైతదయ్యా?" అనేదానివి.

మేకు పైకి జరపలేదు. పనేమీ లేకపోయినా, మధ్యాహ్నం నుంచి ఆ గుమ్మం అటూ ఇటూ దాటుతూనే ఉన్నాను.