పెద్ద పళ్ళచక్రం దాకా

మార్చి 7, గురువారం

మా ఆయన క్లెమ్ సైకిలు ఎక్కి వెళ్ళి, నడిపించుకుంటూ వచ్చాడు. గేటు దగ్గర ఆ ఇనుప అడుగుల సైకిలు బూట్ల టకటక వినగానే నా చేతిలో పళ్ళెం సింకులోకి జారింది. పోయిన చలికాలం గుండెకు స్టెంటు వేసిన మనిషి. ఏమైందని అడిగితే, ఏం కాలేదు మావిస్, వెనక గేరు వైరు తెగింది, ఇక్కడే, బీచ్ రోడ్డులో, చదునులోనే, అలా చూడకు, నేనింకా చావలేదు అన్నాడు.

మొహం బూడిద రంగులో ఉంది. ఎండ అన్నాడు. అల్వర్‌స్టన్‌లో, చలి మొదలయ్యే మార్చిలో, ఎండట!

ఏ కాలేజీ నాకు దేవుని వాక్యం నేర్పలేదు. వంటింటి బల్ల మీద నేనే నేర్చుకున్నాను. నేను చర్చి వేదిక ఎక్కి నరకాగ్ని గురించి నోరు తెరిస్తే వెనక బెంచీల వాళ్ళు కూడా ఒళ్ళు సర్దుకుని కూర్చుంటారు. ఊళ్ళో నాకు భయపడనివాడు క్లెమ్ ఒక్కడే.

మార్చి 8, శుక్రవారం

సోమవారం సెలవు. సైకిలు క్లబ్బు ముసలాళ్ళంతా ఏటా లాగే గన్స్ ప్లెయిన్స్ కొండ ఎక్కుతారు. డాక్టరు వద్దనలేదు. తేలిక గేరులో, తోడుతో, ఆయాసపడకుండా వెళ్ళమన్నాడు. ఒంటరిగా కొండ జోలికి పోవద్దన్నాడు. ఇప్పుడు తేలిక గేరు ఎక్కడుంది? వైరు తెగితే చైను అన్నిటికంటే చిన్న పళ్ళచక్రం మీద పడుతుంది. అన్నిటికంటే బరువైన గేరు అదే. సైకిలు షాపాయన పడవ తీసుకుని చేపలకు పోయాడు, మంగళవారం దాకా రాడు. కొత్త వైరు మాత్రం మా షెడ్డులోనే ఉంది.

క్లబ్బు నుంచి నోయెల్ ఫోన్ చేస్తే క్లెమ్ పకపకా నవ్వుతున్నాడు. ఒక్క గేరుతోనే ఎక్కుతాలేరా, నువ్వు నాలుగు పళ్ళతో మాంసం నమలడం లేదూ అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

పొద్దున్నించీ బైబిల్లో బిలాము ఎక్కిన గాడిదే కళ్ళ ముందు. దారికి అడ్డంగా కత్తి దూసిన దూత నిలబడితే అది చూసింది, కూలబడింది. ఎక్కినవాడికి కనబడలేదు. కర్ర తీసి కొట్టాడు. చివరికి ఆ మూగజీవమే నోరు తెరిచి మాట్లాడాల్సి వచ్చింది. మా గాడిద, అదే ఈ సైకిలు, కూడా కూలబడింది. దీన్ని లేపి నిలబెడితే నేను ఎవరి పక్షం ప్రభువా? లేపకపోతే ఆ బరువు గేరు మీదే పోతాడు. బాగా ఇరికించావు.

రాత్రి ఆయన నిద్రలో దగ్గితే లేచి కూర్చున్నాను.

మార్చి 9, శనివారం, ఉదయం

బాగుచేస్తాను. నిర్ణయించేశాను.

క్లెమ్ కళ్ళకు శుక్లాలు. హ్యాండిల్ మీది లీవరు గుంటలో ఇరుక్కున్న వైరు తల ఆయనకు కనబడదు. అందుకని చేతులు నావి, నోరు ఆయనది. ముట్టకూడని దేవుని మందసం పడిపోతుందేమోనని చెయ్యి వేసిన ఉజ్జా అక్కడికక్కడే చచ్చాడు. నేనూ చెయ్యి వేశాను. తెగిన కొస చీపురు కట్టలా విచ్చుకుని ఉంది. ఒక పోగు గోరు కిందికి దిగింది. నా నోటి నుంచి రాకూడని మాట వచ్చింది. రేపు ప్రసంగంలో పెట్టవే అది, హాలు నిండిపోతుంది అన్నాడు.

అదే రోజు, మధ్యాహ్నం

రాసి తీరాలి.

కనుబొమ్మల పట్కారుతో వైరు తలను లాగాను. కదల్లేదు. లాగకే తల్లీ, అది పుప్పిపన్ను కాదు అన్నాడు. లీవరుకున్న పెద్ద మీట ఒక్కో నొక్కుకి గేరు ఒక్కో మెట్టు తేలికవుతుందట, చిన్న మీట ఒక్కో మెట్టూ కిందికి దించుతుందట. చప్పుడు ఆగేదాకా చిన్నది నొక్కు, అన్ని మెట్లూ దిగితేనే తల కన్నానికి ఎదురొస్తుంది అన్నాడు.

నొక్కాను. టక్. టక్. ఇంకా టక్. ఆగదే! మేడ మీంచి కింది వాకిట్లోకి దిగినట్టు దిగుతూనే ఉంది. చిట్టచివరికి కన్నంలో వైరు తల తళుక్కుమంది. నేను దాన్ని చూడలేదు. క్లెమ్‌ని చూశాను. ఆయన చెప్పుల వైపు చూస్తున్నాడు.

గాడిద నోరు తెరిచింది.

ఇన్ని మెట్లు దిగిందే, చదును రోడ్డులో అన్నిటికంటే తేలిక గేరు దాకా ఎవరు నొక్కుతారు క్లెమ్ అని అడిగాను. అరవలేదు.

కొండ మీద అన్నాడు. సోమవారం వాళ్ళందరి ముందు పరువు పోకూడదని, ముందే ఒకసారి చూసుకుందామని ఒక్కడే పోయాడట. ఎడమ చెయ్యి లాగింది. ఊపిరి అందలేదు. తేలిక గేరు కోసం నొక్కుతూనే ఉంటే వైరు తెగింది. తెగినా నొక్కాడట. బంగాళదుంప చేను కంచెకి ఆనుకుని కూర్చున్నాడట. తర్వాత పల్లమంతా జారుకుంటూ, మిగతాది నడుచుకుంటూ ఇంటికి.

కారెక్కు అన్నాను.

సైకిలు ఇలా వదిలేసి రాను, ముందు వైరు వెయ్యి అన్నాడు. మొండి ఫరో రాజు! అంబులెన్సు పిలుస్తానంటే పిలుచుకో, తలుపేసుకుంటా అన్నాడు. కారు తాళాలు పళ్ళ మధ్య పట్టుకుని కొత్త వైరు లీవరులోకి దోపాను. పోయింది. హ్యాండిల్ వంపులో ఆగింది. తోశాను. వెనక్కి తీశాను. మళ్ళీ తోశాను. ప్రభువా, దారి ఇవ్వు, ప్రభువా, దారి ఇవ్వు.

అప్పుడు నా భుజం మీద చెయ్యి పడింది. మిగిలింది తర్వాత చూద్దాంలే, కారు తియ్యి మావిస్ అన్నాడు. అంత మెల్లగా ఆయన మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

ఇది బర్నీ ఆసుపత్రి వరండాలో రాస్తున్నాను. ఆయన్ని లోపలికి తీసుకుపోయారు.

మార్చి 10, ఆదివారం

ఈ రోజు వేదిక మీద నేను లేను. ప్రార్థన కూడా ఒక్క మాట దాటలేదు.

మార్చి 11, సోమవారం

ఇంకో స్టెంటు. బతికాడు. పైజమాల కోసం ఇంటికొచ్చి, షెడ్డులోకి పోయాను. వైరు ఈసారి వంపు దాటింది. బిగించాను.

ఆసుపత్రి నుంచి క్లెమ్ ఫోన్. చైను ఎక్కుతోందా అన్నాడు. హలో కూడా లేదు. ఆయనకి వినబడేలా ఫోన్ చక్రం పక్కన పెట్టి, చేత్తో పెడల్ తిప్పుతూ పెద్ద మీట నొక్కాను. టక్. టక్. చైను మెట్టు మెట్టుకీ పైకి పాకింది.

ఇంకా అన్నాడు. ఇక లేవు క్లెమ్, ఇదే పెద్దది అన్నాను.

సరే, తిప్పుతూ ఉండు అన్నాడు.

తిప్పుతూ ఉన్నాను.