డబ్బా మీద రాసిన మాట

అక్కా, ఇక్కడ అందరం కులాసా.

నిన్న కుట్టుమిషను మోటారు కాలిపోయింది, అయినా నేను ఏడవలేదు. డబ్బుల డబ్బా మీద "అవసరానికి" అని రాసినన్నాళ్లూ ఇంట్లో రోజూ ఎవరికో ఒక అవసరం పుట్టుకొచ్చేది. నువ్వు చెప్పినట్టే "మోటారు పోతేనే" అని మార్చాను. మీ మరిది చెప్పులు కొనుక్కోవడానికని మూత తీసి, అది చదివి, "మిషను బాగానే తిరుగుతోందిగా" అని గొణిగి మూసేశారు. అందుకే నిన్న మధ్యాహ్నానికల్లా కొత్త మోటారు బిగించేశాను.

అమ్మ కళ్లజోడు మార్పించావా? నా పాత కత్తెర ఎవరైనా వస్తుంటే పంపు.

ఖాళీ డబ్బా మీద ఇప్పుడు "అక్కకు పురిటినొప్పులొస్తే ఆ పూటే బయల్దేరడానికి" అని రాశాను. పొద్దున మీ మరిది మళ్లీ మూత తీశారు. చదివి, తన జేబులోంచే నోటు తీసి వేశారు. కబురు చేయడానికి మొహమాటపడకు. అమ్మకు దణ్ణాలు.

నీ చెల్లి