మెట్ల కింద గిటారు

చిరంజీవి సగంబాబుకి అక్క దీవెనలు.

మీ బావ రిటైరయ్యారు. వచ్చే నెలలో మా ఇంటికి మేం వచ్చేస్తున్నాం. తాళాలు నీ దగ్గరే ఉన్నాయి కాబట్టి ఒక పని అప్పజెబుతున్నాను. మెట్ల కింద అరలో ఆ పాతది ఉంది చూడు, కరెంటు ఇస్తే మూలగడం తప్ప ఇంకేమీ చేయనిది. దాన్ని బాగుచేసి ఉంచు. అది పనిచేయకపోతే ఆ ఇంట్లో నాకు ఒక్క పూట గడవదు.

ఉత్తరాల్లో దాని పేరెత్తకు. నీ ఉత్తరాలు నాకంటే ముందు మీ బావే విప్పుతారు. సంగతి తెలిస్తే తానే బాగుచేస్తానని స్క్రూడ్రైవరు పట్టుకుని తయారవుతారు. పోయినసారి ఆయన చెయ్యి పెడితే వీధి మొత్తానికి కరెంటు పోయింది.

నువ్వు ఈత సగం నేర్చావు, టైపు సగం నేర్చావు, మీ పెరటి గోడకి సగమే సున్నం కొట్టావు. ఇదొక్కటైనా పూర్తిచేస్తే సంతోషిస్తాను.

ఇట్లు,
నీ అక్క

తా.క. మెకానిక్కుని పిలవకు. ప్రేమగా, నెమ్మదిగా నువ్వే చెయ్యి. పాత రంగు మాత్రం గీకొద్దు.

*

అక్కయ్యకి తమ్ముడు చేతులు జోడించి రాస్తున్నది.

నీ తాజా కలం చదివి కళ్ళు చెమర్చాయి. పెళ్ళయిన కొత్తలో దాని మోత వింటేనే మండిపడేదానివి. ఇప్పుడు ప్రేమగా చేయమంటున్నావు. నీది వెన్న మనసని మన ఇంట్లో ఎవరికీ తెలియదు.

దుమ్ము దులిపి విప్పాను. వైండింగు తెగింది. వైండింగు షాపాయన వెంట్రుక కన్నా సన్నని రాగితీగతో మళ్ళీ చుట్టిచ్చాడు. చుట్టినంతసేపూ నన్ను తిడుతూనే ఉన్నాడు. మెడ వంగితే లోపలి కడ్డీ బిగించి నిలబెట్టాను. మెట్లు అరిగి గుంటలు పడ్డాయి. వాటిమీద పైకి వెళ్ళేకొద్దీ గొంతు పట్టేస్తోంది. అందుకని మెట్లన్నీ పీకేశాను, కొత్తవి కొడుతున్నాను. స్విచ్చు వేసి వేలితో తడితే చాలు, నాలుగిళ్ళ అవతలికి వినబడుతోంది.

ఈసారి సగంలో వదలను. నీమీద ఒట్టు.

నీ తమ్ముడు

తా.క. అక్కడే గోనెపట్టా చుట్టిన ఇనుప దిమ్మ ఒకటి ఉంది. దానిమీద కూర్చునే పనంతా చేస్తున్నాను. ఎవరు కొన్నారో గానీ నడుముకి భలే హాయిగా ఉంది.

*

సగంబాబుకి అక్క కోపంగా రాస్తున్నది.

మెట్లెందుకు పీకావురా? ఎక్కేటప్పుడు ఆయాసం వస్తే కాసేపు ఆగి ఎక్కాలి గానీ మెట్లు పీకేస్తారా? నా మోకాళ్ళ సంగతి తెలిసీ ఈ పని చేశావు. ఇప్పుడు నేను మేడ మీదకి నిచ్చెన వేసుకుని పోవాలా? వెంటనే ఎక్కడివక్కడ పెట్టించు.

ఇక దాని విషయం. వెంట్రుకలాంటి తీగ ఏం తట్టుకుంటుంది, లావుది చుట్టించు. నాలుగిళ్ళకి వినబడటమేమిటి, అసలు చప్పుడే చేయకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, స్విచ్చు వేసే ముందు దాని నోట్లో చెంబెడు నీళ్ళు పొయ్యి. పోయకపోతే కాలి ఊరుకుంటుంది.

అక్క

తా.క. నీళ్ళు పోయకు. కోపంలో రాశాను. సన్న తీగే ఉంచు. చివరి తీగ మరీ బిగించకు, తెగుతుంది.

*

అక్కయ్యకి నమస్కారం.

నీ ఉత్తరం చదివితే గుండె జారింది, తాజా కలం చదివితే ప్రాణం లేచొచ్చింది. ఒకే కాగితంలో పైన ఒక అక్క, కింద ఒక అక్క ఉన్నట్టున్నారు. నేను కింది అక్క మాటే విన్నాను. అంతకుముందు నీళ్ళ చెంబు పట్టుకుని దాని దాకా వెళ్ళిన మాట నిజం. చేతులు రాలేదు. చప్పుడు వద్దన్నావని హెడ్‌ఫోన్లు తగిలించాను. ఇక పెట్టుకున్నవాళ్ళకే వినబడుతుంది.

అక్కా, నిన్న పని పూర్తయింది. ఈ మాట నేను రాయడం ఇదే మొదటిసారి. రంగు పగుళ్ళు పగుళ్ళలాగే ఉంచి మెత్తటి గుడ్డతో తుడిచాను. స్విచ్చు వేస్తే మూలుగు లేదు, గరగర లేదు. నువ్వు తిట్టినా సరేనని ఒక్కసారి హెడ్‌ఫోన్లు పీకేసి వేలు వేశాను. గదంతా నిండిపోయింది. ఇంకోసారి, ఇంకోసారి అనుకుంటూ చీకటి పడేదాకా వేలు వేస్తూనే ఉన్నాను.

నీ తమ్ముడు

తా.క. నేను పీకింది దాని మెట్లు, ఇంటి మెట్లు కావు. నీ మోకాళ్ళకి ఢోకా లేదు.

*

బావమరిదికి బావ ఆశీస్సులు.

క్షేమంగా ఇల్లు చేరాం. దానికి మెట్లేమిటి, హెడ్‌ఫోన్లేమిటి అని మీ అక్క రైల్లో దారిపొడవునా గొణుగుతూనే ఉంది. రాగానే కుళాయి తిప్పింది. చుక్క రాలేదు. మెట్ల కింద తలుపు తీస్తే, తీగల కింద కొత్త మెట్లతో తళతళలాడుతూ నా కరెంటు గిటారు కనబడింది.

ఆవిడ నీకు అప్పజెప్పింది నీళ్ళ మోటారుని. నువ్వు రోజూ హాయిగా కూర్చున్న ఇనుప దిమ్మ అదే.

నాకు మొదటినుంచీ తెలుసు. నీ ఉత్తరాలు విప్పేదీ నేనే, ఆవిడవి పోస్టు చేసేదీ నేనే. మెట్ల కింద పాతవి రెండున్నాయి, ఈవిడ పేరు రాయలేదు. ఉండబట్టలేక కింద 'రంగు గీకొద్దు' అని తగిలించాను. ఆ తర్వాతి తాజా కలం కూడా నాదే. మీ అక్క చేతిరాత దించడానికి ఇన్నేళ్ళ కాపురం చాలదా? నీ ఉత్తరాల్లో ఆ తాజా కలాల ఊసునీ, దిమ్మ గురించి నువ్వు రాసిన ముక్కనీ ఆవిడ కంటబడకుండా కత్తెరతో తీసేశాను. నిజం చెబితే గిటారు సగంలో వదిలి, మోటారు సగం విప్పేవాడివి.

దాన్ని బాగుచేయించమని అడగడానికి ఇన్నేళ్ళూ నాకు నోరు రాలేదు. ఈ వయసులో గిటారేమిటి అంటారని సిగ్గు. నిన్న ఒళ్ళో పెట్టుకుంటే వేళ్ళు వాటంతట అవే చోటు వెతుక్కున్నాయి. ఆ సంతోషం నీ వల్లే.

శిక్షగా మేడ మీదకి బకెట్లతో నీళ్ళు మోస్తున్నాను. త్వరగా వచ్చి మోటారు సంగతి చూడు. నా నడుము ఇక ఆగేలా లేదు.

నీ బావ

తా.క. ఈ తాజా కలం నిజంగా నాదే, మీ అక్కని. కవరు అంటించే ముందు లాక్కుని రాస్తున్నాను. నిన్ను ఇక సగంబాబు అనను. పెళ్ళయిన నాటినుంచీ తాగిన గ్లాసు తీసి అవతల పెట్టని మనిషి పొద్దున్న బకెట్లు మోస్తున్నారు, సాయంత్రం నేనడిగిన పాట వాయిస్తున్నారు. మోటారుకి తొందరేం లేదు. ఆయన మరీ పోరితే వచ్చి విప్పు, సగంలో వదిలేసి వెళ్ళిపో.