రంగులు రాసి పంపమన్నారు

గోదావరిఖని,
6 మార్చి 1966, ఆదివారం.

నా ప్రియమైన వారికి,

మీ సుసన్నా చేసే వందనాలు. ప్రభువు దయవల్ల ఇక్కడ నేనూ, నేను వద్దన్నా మీరు తోలుకొచ్చిన మేకా క్షేమంగా ఉన్నాం. మీ క్షేమం మా తమ్ముడు తీతు రాసే రెండు ముక్కల కార్డుల్లో తెలుస్తోంది. తీతూ, ఈ ఉత్తరం ఆసుపత్రిలో బావ మంచం పక్కనే కూర్చుని మెల్లగా చదివి వినిపించు. గబగబా మింగెయ్యకు.

శనివారం కళ్ల కట్టు విప్పుతారనీ, ఇంటికి రాగానే ఈ ఏటి ఆకురాలు కాలపు నలుపు తెలుపు ఫోటోలకు కుంచెతో రంగులు వేస్తాననీ రాయించారు. అడవి మీ కోసం ఆగదు కాబట్టి కెమెరా నన్నే పట్టుకెళ్లమన్నారు. ఏ ఫోటోలో ఏ రంగు ఎక్కడుందో రాసి పంపమన్నారు. పెళ్లయిన నాటి నుంచి ఆ డబ్బాను నా సవతి అని తిడుతున్నదాన్ని, నిన్న దాన్నే మెడలో వేసుకుని బయల్దేరాను. దారిలో బడిపిల్లలు చూసి నవ్వారు. రేపు క్లాసులో వాళ్ల పని చెప్తాను.

యేసమ్మక్క కూతురి పెళ్లిలో మీరు ఫోటో తీస్తుండగా వెలుతురు కోసం ముట్టించిన మెరుపు మందు మీ ముఖం మీద భగ్గుమన్నప్పటి నుంచి నేను పొయ్యి కూడా పక్కింటివాళ్ల చేతే ముట్టిస్తున్నాను. ఈ పనికి పగటి ఎండ చాలు కాబట్టి ధైర్యం చేశాను.

క్వార్టర్ల దగ్గర చెట్లన్నీ బొగ్గు దుమ్ముతో ఒకే రంగున ఉన్నాయి. అందుకని వాగు దాటి పోయాను. పక్కింటి సమ్మవ్వ తోడు వచ్చింది. ఇప్పపూలు ఏరుకోవడానికి గంప, చీపురు తెచ్చుకుంది. దారి పొడుగునా ఒకటే మాట. "ఎండుటాకులకు ఫోటో ఏంది బిడ్డా, మనుషులు దొరుకుత లేరా నీ మొగనికి?" అని. మా ఆయన అంతేనవ్వా, మనుషులు కదులుతారు, ఆకులు కదలవంటాడని చెప్పాను.

టేకులన్నీ బోడిగా నిలబడ్డాయి. వాటి మధ్య ఒక నల్లమద్ది, దాని పక్కన ఎర్రగా చిగురేసిన పుసుకు చెట్టు. కింద పసుపు ఆకులు చాప పరిచినట్టు పడి ఉన్నాయి. మీరు చూస్తే అక్కడే కూలబడేవారు. నేను కెమెరా పొట్టకు ఆనించుకుని పైఅద్దంలోకి వంగాను. అందులో కుడి ఎడమగా, ఎడమ కుడిగా కనిపించి తికమకపడ్డాను. సర్దుకుని మళ్లీ చూసేసరికి నేలంతా నున్నగా, గచ్చులా ఉంది! ఇప్పచెట్టు కింద ఊడ్చే అలవాటు కొద్దీ సమ్మవ్వ ఆకులన్నీ ఊడ్చి కుప్ప పోసింది. ఏం చేశావవ్వా అంటే, "ఫోటో దిగేటప్పుడు వాకిలి గిట్ల చెత్తచెత్త ఉంటదా? ఫోటో మంచిగ వస్తదని ఊడ్చిన" అంది.

నాకు నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేశాను. ముసలమ్మ హడలిపోయి, "ఊకో బిడ్డా, ఎట్ల ఊడ్చిన్నో గట్లనే పోస్త" అని గంపతో ఎత్తి మళ్లీ పోసింది. ఊడ్చిన వాకిట్లో చెత్త పోయడం తన జన్మలో చూడలేదట.

అలా ఆకులు పరిచే పని నా చేతికొచ్చింది. ఎరుపూ ఆకుపచ్చా ఫోటోలో ఒకే బూడిద రంగులో కలిసిపోతాయనీ, వాటిని విడదీసేది వెలుతురేననీ మీరు చెప్పింది గుర్తుంది. అందుకే పసుపు ఆకులు కొన్ని ఎండలోకి జరిపాను, మిగతావి నీడలోనే ఉంచాను. కావడి మోసేవాడిలా ఫోటోలోనూ రెండు పక్కల బరువు చూసుకోమనేవారు కదా, చూసుకున్నాను. ఎండ ముక్క చిన్నదైనా బరువెక్కువ. దానికి సరితూగాలంటే నీడ చాలా కావాలి.

ఇక రంగులు. మొదటి ఫోటోలో కుడివైపు పుసుకు చిగురు. అది రక్తం ఎరుపు కాదు, కొత్త రాగి చెంబు ఎరుపు. ఎండ వెనక నుంచి పడి అంచులు నారింజ రంగులో ఉన్నాయి. కింద మద్ది ఆకులు పసుపు. పండిన మామిడి పసుపు కాదు, ఉడికిన పప్పు పసుపు. కొన్ని తిరగబడి పడ్డాయి, వాటి వెనకవైపు పాలిపోయి ఉంది. రెండోదాంట్లో మోదుగ పూలు, వాటి వెనక ఆకాశం. ఆకాశానికి నీలం తక్కువ వెయ్యండి, దుమ్ముంది. మూడోదాంట్లో సమ్మవ్వ చీపురుతో అడ్డం వచ్చింది. ఆమెది కుంకుమ రంగు చీర. చూపంతా అటే లాగుతోందని నీడలోకి జరగమంటే, "ముసల్దాన్నని నీడల పెడుతున్నవా?" అని అలిగింది.

మీ ల్యాంపు రూములో బుచ్చన్న మీ డ్యూటీ చూస్తున్నాడు. గనిలోకి దిగేవాళ్లంతా దీపం తీసుకుంటూ, "యిర్మియన్న ఎన్నడొస్తడు?" అని అడుగుతున్నారట. శుక్రవారం బండికి నేను వస్తున్నాను. శనివారం నేను పక్కన లేకుండా కట్టు విప్పనివ్వకండి. మీరు నాకు కావాలి. ఎదురుగా ఉన్నప్పుడు ఈ మాట అనడం నాకు చేతకాదు.

ఎప్పటికీ మీ,
సుసన్నా

తా.క. తీతూ, ఇది పైకి చదవకు. పోయిన వారం నేను వచ్చినప్పుడు డాక్టరుగారు నన్ను వరండాలోకి పిలిచి చెప్పారు. బావ రెండు కళ్లకూ ఇక చూపు రాదు. కట్టు విప్పినా చీకటేనట. ఆయన రంగులు అడిగితే నేను లేదనలేకపోయాను. ఫోటోలు నిజంగానే తీశాను, రంగులు నిజంగానే రాశాను. వాటిని వేసేవాళ్లే లేరు. శనివారం నేనే చెప్తాను, అప్పటిదాకా నువ్వు నోరు విప్పకు. ఇప్పుడు నీ ముఖం ఎలా అయిపోయినా ఫరవాలేదు, ఆయనకు కనిపించదు. గొంతు మాత్రం మారనివ్వకు.