కింది వరుస

మార్చి 4, సోమవారం

నాన్న పోయి తొమ్మిది రోజులు. ఇవాళ ప్రెస్‌లో డ్యూటీకి వెళ్ళాను.

నాన్న పనిచేసిన ప్రూఫ్ రూమ్ నుంచి ఆయన సామాను ఒక అట్టపెట్టెలో ఇచ్చారు. కళ్ళజోడు, మూడు ఎర్ర పెన్నులు, మోచేతుల దగ్గర చిల్లులు పడ్డ స్వెట్టర్. ఇరవై ఆరేళ్ళు ఊళ్ళోవాళ్ళ తప్పులన్నీ దిద్దిన మనిషి. తన తప్పు దగ్గరికి వచ్చేసరికి పెన్నులో ఇంకు అయిపోయింది. ఈ మాట ఆయన మొహం మీదే అనాలని ఎనిమిది నెలలు దాచుకున్నాను. ఇప్పుడు ఎవరితో అనను? అందుకే ఈ నోట్‌బుక్.

మెషిన్ మామయ్య వచ్చి పక్కన నిలబడ్డాడు. ఆయన మాకు ఏమీ కాడు, ప్రింటింగ్ మెషిన్ నడుపుతాడు, ప్రెస్‌లో అందరికీ మామయ్యే. ఏడవవే తల్లీ, ఏడిస్తే గుండె తేలికపడుతుంది అన్నాడు. నా గుండె సంగతి నీకెందుకు, నీ మెషిన్‌కి ఆయిల్ ఉందో లేదో చూసుకో అన్నాను. కత్తికి కన్నీళ్ళేమిటిలే అని గొణుక్కుంటూ పోయాడు. నేను కాగితాలు కోసే మెషిన్ మీద పనిచేస్తాను. నాకు పడ్డ పేరూ అదే, కత్తి.

మార్చి 5

ఇవాళ ఎవరూ పలకరించలేదు. బతికిపోయారు.

మార్చి 7, గురువారం, భోజనాల వేళ

రాసిపెట్టుకోవాలి. లేకపోతే కోపం చల్లారిపోయేలా ఉంది.

జూలైలో ఇదే ప్రెస్‌లో, ప్రింటింగ్ మెషిన్ మీద పనిచేస్తుంటే అన్న చెయ్యి రోలర్ల మధ్య పడింది. రెండు వేళ్ళు పోయాయి. చెయ్యి లోపలికి పోకుండా రోలర్లకి అడ్డంగా ఉండాల్సిన గార్డు లేదు. దానివల్ల స్పీడు తగ్గుతోందని సూపర్‌వైజరే విప్పించాడు. నాన్న అప్పుడు అక్కడే ఉన్నాడు, కళ్ళారా చూశాడు. మర్నాడు ఆఫీసులో కాగితం ముందు పెడితే సంతకం చేశాడు. గార్డు మా అబ్బాయే విప్పుకున్నాడని.

అన్న చేతికి కట్టుతోనే బ్యాగు సర్దుకుని వేరే ఊరు వెళ్ళిపోయాడు. నేను నాన్నకి ఒకటే చెప్పాను. నాతో ఒక్క మాట మాట్లాడినా నేనూ పోతానని. ఆయన నోరెత్తలేదు, ఆ రోజూ, ఆ తర్వాతా. ఒకే ఇంట్లో రెండు కంచాలు, రెండు వేళలు.

ఇవాళ ఎడిటర్ పిలిచాడు. మా ప్రెస్‌లో అచ్చయ్యే వారపత్రికకి పదాల పజిల్ నాన్నే తయారుచేసేవాడు. గళ్ళలో దాక్కున్న మాటలు వెతికి కొట్టేస్తే కొన్ని అక్షరాలు మిగులుతాయి. అవి వరసగా చదివితే ఒక సామెత. నేను చదవడం నేర్చుకుందే ఆ గళ్ళలో. నాలుగో క్లాసులో బడి మానేశాక, మెషిన్ కింద పడ్డ వేస్టు షీట్లు ఏరుకుని, పెన్సిల్ ముక్కతో. జూలై తర్వాత ముట్టలేదు. గురువారం గురువారం కోసి కట్ట కట్టడమే.

మీ నాన్నకి చివర్లో మతి తప్పిందమ్మా అన్నాడు ఎడిటర్. పాఠకులు ఉత్తరాలు రాసి తిడుతున్నారట. సామెత రావాల్సిన చోట అన్నం తిన్నావా అని వస్తోందట. ఏమిటయ్యా ఇది అని అడిగితే, ఇదీ సామెతే సార్ అన్నాడట నాన్న.

నా మెషిన్ దగ్గరికి వచ్చి కాగితం లేకుండా కత్తి దింపాను. రెండుసార్లు.

మార్చి 8, సాయంత్రం

పాత సంచికలు ముప్పై రెండు తెచ్చుకుని కూర్చున్నాను.

అన్నం తిన్నావా.

వాన వస్తుంది గొడుగు పట్టుకెళ్ళు.

దగ్గు మందు గూట్లో పెట్టాను. (తాగాను. ఎవరు పెట్టారో అడగలేదు.)

కత్తి కింద చెయ్యి జాగ్రత్త. ఇది మూడు వారాలు వరసగా ఉంది.

ఎక్కువగా మాత్రం అదే. అన్నం తిన్నావా, అన్నం తిన్నావా, అన్నం తిన్నావా.

మాట్లాడొద్దన్నాను. అచ్చు వేయొద్దనలేదు. ముసలాయన ఆ సందులోంచి దూరాడు. కానీ నేను పజిల్ చేయడం మానేస్తానని ఆయనకి తట్టనే లేదు. ఈ ఉత్తరాలన్నీ నా చేతుల మీదుగానే పోయాయి. వేల కాపీలు. ఒక్కటీ చదవకుండా కోశాను.

ఇవాళ అన్నం తినలేదు.

మార్చి 9

చివరి సంచిక ఒక్కటీ నిన్న దాటేశాను. కావాలనే.

ఆయన పోయింది ఫిబ్రవరి 24, శనివారం మధ్యాహ్నం, ప్రూఫ్ టేబుల్ మీదే తల వాల్చేసి. ఆ సంచిక కోసింది దానికి రెండు రోజుల ముందు. ఆ పొద్దున నేను ఇంట్లో మర్చిపోయిన టిఫిన్ డబ్బా ఆయన తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు. ఒక్కపూట తినకపోతే చచ్చిపోతానా అని మనసులో అనుకుని, డబ్బా తోసేసిన చేత్తోనే కోత కొలత మార్చే గేజ్ హ్యాండిల్ తిప్పాను. ఎప్పుడూ ముందు ఒక షీటు కోసి, కొలత చూసుకుని, తర్వాతే కట్ట పెడతాను. ఆ రోజు చూసుకోలేదు. అన్ని కాపీలూ కింద అర అంగుళం ఎక్కువ తెగాయి. పేజీ అడుగున ఉండే పజిల్‌లో పన్నెండు వరుసలుండాలి. కోసిన కాపీల్లో పదకొండే. కింది వరుస మొత్తం నా మెషిన్ కింద చెత్తబుట్టలోకి పోయింది.

ఇవాళ ఆ పదకొండు వరుసలూ చేశాను. మిగిలింది ఇది.

సంతకం పెట్టించింది భయం. మీ అన్నకి చెప్పు

అక్కడితో ఆగిపోయింది.

మార్చి 11, సోమవారం

అన్నకి ఏం చెప్పాలి? అది తెలియాలి. ఇంకేమీ వద్దు.

కంపోజ్ చేసే అబ్బాయిని అడిగాను. గళ్ళు ఎప్పుడూ అవే అక్కా, పాతవారం అక్షరాల మీదే కొత్తవి కొట్టేస్తాను, పెద్దాయన పోయాక ఎడిటర్ ఏదో పాత పజిల్ ఇస్తే అదీ దాని మీదే కొట్టేశాను, ఇంకెక్కడుంటుంది అన్నాడు. నాన్న చేత్తో రాసిన కాగితం శనివారాలు ఊడ్చేసే చెత్తలో పోయింది. అచ్చు ప్లేటు కరిగించడానికి వెళ్ళిపోయింది. కోత ముక్కల బస్తాలు కాగితం మిల్లుకి చేరి, ఈపాటికి నానిపోయి ఉంటాయి. జవాబు తర్వాతి వారం సంచికలో వేయాలి, వేయాల్సిన మనిషి లేడు.

మెషిన్ మామయ్య దగ్గర కూర్చున్నాను. భయం దేనికట అని అడిగాను. ఆయన చాలాసేపు చేతుల గ్రీజు తుడుచుకున్నాడు. ఆ రోజు కాగితం పెట్టింది సూపర్‌వైజరేనట. ఒక చెయ్యి ఎలాగూ పోయింది పెద్దాయనా, మిగతా నాలుగు చేతులకి ఇక్కడ పని కావాలా వద్దా అన్నాడట. నాలుగు చేతులంటే నాన్నవి, నావి.

ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదని అరిచాను. నువ్వు ఎవర్ని నోరు తెరవనిచ్చావే అన్నాడు మామయ్య.

మార్చి 12

ఒక ఉపాయం తట్టింది. వెతకాల్సిన మాటల జాబితా పైన అచ్చయి ఉంది. అది తెగలేదు. నిలువు మాటల్లో ఏడింటికి తోక లేదు. గొడు వరకు ఉంది, కింద గు ఉండాలి. కిటి ఉంది, కింద కీ. అలా ఏడు గళ్ళు నింపేశాను.

ఆ వరుస పన్నెండు గళ్ళలో మిగిలినవి అయిదు. అవి ఏ మాటలోవీ కావు. జాబితా చూసి తెచ్చుకోగలిగినవన్నీ వచ్చేశాయి. ఆయన మాకోసం రాసినవి మాత్రం రాలేదు.

క్షమించమని. సరిపోయింది.

మర్చిపొమ్మని. అదీ సరిపోయింది.

తప్పు నాదని. అదీ.

రబ్బరుతో చెరిపి చెరిపి కాగితం చిరిగింది.

మార్చి 14, గురువారం

అన్నకి ఫోన్ చేశాను. తప్పు నాదని అన్నాడురా నాన్న అని చెప్పేద్దామనుకున్నాను. అందులో పోయేదేముంది, అయిదు గళ్ళకీ సరిగ్గా సరిపోతుంది. నోటిదాకా వచ్చింది. కానీ ఒక దొంగ కాగితం వల్లే కదా ఇంత జరిగింది, ఇంకొకటి నేను తయారుచేయలేను. ఉన్నదున్నట్టు చెప్పాను. కింది వరుస కోసింది నేనేనని కూడా.

అన్న అడిగాడు, చివర్లో నాన్న సరిగ్గా తినేవాడా అని.

నాకు తెలియదు. ఆయన తినేటప్పుడు నేను బయట మెట్ల మీద కూర్చునేదాన్ని.

అదే చెప్పాను. అప్పుడు ఏడ్చాను. నీ ఏడుపు పాడుగానూ, చెవి పగిలిపోతోందే, కాస్త దూరంగా పెట్టుకుని ఏడువు అన్నాడు.

మార్చి 18

సూపర్‌వైజర్ గదికి వెళ్ళాను. గార్డు విప్పించింది ఎవరో, సంతకం ఎలా పెట్టించారో రాసి టేబుల్ మీద పెట్టాను. కింద నా సంతకం. పక్కన మెషిన్ మామయ్యది. చేతుల గ్రీజు తుడుచుకుని మరీ పెట్టాడు. నా రెండు చేతులూ పీకేసుకోండి అని చెప్పి వచ్చేశాను. ఇంకా ఏమీ తేలలేదు. పని ఉన్నన్నాళ్ళు ఉంటుంది.

మార్చి 20

పజిల్ నన్ను చేయమన్నాడు ఎడిటర్. ఈసారి ఒళ్ళు దగ్గర పెట్టుకుని సామెత వేయమన్నాడు. తలూపాను.

మార్చి 28, గురువారం

నా మొదటి పజిల్. కోసేముందు షీటు మూడుసార్లు కొలిచాను. కింది వరుస నిండుగా వచ్చింది. చివర మిగిలేవి అయిదు గళ్ళు.

తిన్నాను నాన్నా.