బావ దారిలో ఉన్నాడు

మార్చి 3, మంగళవారం

పాత బజారుకి కొత్త రాళ్ళు పరిచారని పేపర్లో చూసి బయల్దేరాను. కార్లు రానివ్వడం లేదు. వీధికి అడ్డంగా తీగలు కట్టి బల్బులు వేలాడదీశారు. అక్కడి బోర్డుల్లో సగం ఒకప్పుడు నేను రాసినవే. బడి మొహం చూడని నాకు అక్షరాలొచ్చింది అలాగే. ముందు బొమ్మల్లా దించాను, అవి మాటలని తర్వాతెప్పుడో తెలిసింది. గొడుగుల షాపాయన తన పేరు ఎంత పెద్దగా రాయించుకున్నాడంటే, వానొస్తే జనం ఆ బోర్డు కిందే నిలబడేవారు, గొడుగు కొనేవారు కాదు. ఇప్పుడక్కడ ఐస్‌క్రీం.

సరే, అసలు సంగతి. మూలమీది భోజన హోటల్లో ముప్పయ్యొక్కేళ్ళు తిన్నాను. నా బల్ల, నీ బల్ల అని ఉండేది కాదు. ఏ కుర్చీ ఖాళీ అయితే అందులో కూర్చోవడమే. ఎదురుగా రోజుకో కొత్త మొహం. నా చదువంతా ఆ మొహాల దగ్గరే. ఇప్పుడది రెస్టారెంటు. తలుపు దగ్గర పలకలాంటి టాబ్లెట్ పట్టుకున్న అమ్మాయి, ఎంతమంది సార్ అంది. ఒక్కణ్ణే అన్నాను. గోడకి ఎదురుగా ఎత్తు స్టూలు చూపించింది. సూప్ బాగుంది. గోడ పెద్దగా మాట్లాడలేదు.

మార్చి 5

ఇంట్లోనే. రెండు గుడ్లు. రేడియోలో ఎరువుల గురించి చెప్పారు. చివరిదాకా విన్నాను.

మార్చి 7, శనివారం

మళ్ళీ వెళ్ళాను. ఎంతమంది అనగానే నోట్లోంచి ఇద్దరం అని వచ్చేసింది. కిటికీ పక్క బల్ల, రెండు గ్లాసులు, వీధంతా కనిపిస్తోంది. రెండోవారెవరు సార్ అంది. మా బావ, దారిలో ఉన్నాడన్నాను. నాకు తోబుట్టువులే లేరు, బావ ఎక్కణ్ణుంచి ఊడిపడతాడు? సగం తిన్నాక, పంటినొప్పట, రాలేడట అని చెప్పి ఫోన్ జేబులో పెట్టుకున్నాను.

మార్చి 10

మీ బావగారి పన్నెలా ఉందని ఆ అమ్మాయే అడిగింది. పీకించామన్నాను. అక్కడితో ఆగానా? మా బావ రైలెక్కి నిద్రపోయి, అదే రైల్లో వెనక్కొచ్చి, ఈ ఊరూ అచ్చం మన ఊర్లాగే ఉందే అని మెచ్చుకున్న సంగతి చెప్పాను. ఖాళీ కుర్చీ పట్టుకుని నవ్వింది. అలాంటాయన మా ఇంట్లో ఉంటే తాళమేసి పెట్టేదాన్ని సార్ అంది. మేనేజరు దగ్గాడు. వెళ్ళిపోయింది.

ఫిబ్రవరి మొత్తంలో నాతో ఇంతసేపు మాట్లాడినవాళ్ళు లేరు.

మార్చి 14, శనివారం

పెందలాడే వెళ్ళి వీధంతా తిరిగాను. తాళాల షాపు బార్ అయింది. అందులో గిటారు వాయించేవాడు ఇంకా మొదలుపెట్టలేదు, వైరు వెతుక్కుంటున్నాడు. గోడ మీద అలంకారంగా పాత బోర్డు. నాదే. ముట్టుకోబోతే బార్ ఆయన, పెద్దాయనా, అది యాంటిక్, చెయ్యి తియ్యి అన్నాడు. నేనే రాశానన్నాను. వారానికొకరు ఆ మాట అంటూనే ఉంటారన్నాడు.

రెస్టారెంట్లో మేనేజరు గుమ్మంలోనే ఆపాడు. ఇకనుంచి ఇద్దరూ వస్తేనే టేబుల్ సార్, లేకపోతే స్టూలే అన్నాడు. మీ బావగారు ఎప్పుడు చూసినా దారిలోనే ఉంటారేంటి, నడిచొస్తున్నారా అని కూడా అన్నాడు. ఆ అమ్మాయి టాబ్లెట్లోకే చూస్తూ నిలబడింది. మంగళవారం తీసుకొస్తానని చెప్పి వచ్చేశాను.

మార్చి 15, మధ్యాహ్నం

ఎవర్ని తీసుకెళ్ళను? రాసుకుంటూ కూర్చున్నాను.

సెలూన్ ఆయన మాటకారే, కానీ తొమ్మిదైతే గానీ షాపు మూయడు. ఇంటి ఓనరు ఆరింటికే తిని పడుకుంటాడు. పెయింట్ల షాపు మిత్రుడు కిందటేడు పోయాడు. అయినా రాశాను.

డెబ్భైమూడేళ్ళకి ముగ్గురు.

మార్చి 17, ఇంటికి రాగానే

నిజం చెప్పేద్దామనే వెళ్ళాను. బావా లేడు, గీవా లేడమ్మా, నాకు గోడతో పడదు, అంతే. దారిపొడుగునా ఇదే వల్లెవేసుకున్నాను. చెప్పేశాక మళ్ళీ ఆ వీధి మొహం చూడకూడదనీ అనుకున్నాను.

నేను నోరు తెరిచేలోపే ఆ అమ్మాయి, మీ బావగారు వచ్చేశారు సార్, లోపల కూర్చోబెట్టానంది. దాని మొహం వెలిగిపోతోంది. ఎవరో పెద్దాయన వచ్చి, ఇద్దరం, ఇంకొకాయన దారిలో ఉన్నాడన్నాట్ట. ఇంకెవరై ఉంటారనుకుందట.

కిటికీ పక్కన నా ఈడు మనిషి. ఇస్త్రీ చొక్కా, తడిపి దువ్విన జుట్టు. ఎవరి కోసమూ చూడని చూపు. ఇదిగో సార్, మీ బావగారు అంది ఆ అమ్మాయి. మేనేజరు నా వెనకే నిలబడ్డాడు. కిటికీ పక్కాయన నన్ను కిందనుంచి పైదాకా చూశాడు. ఈయనెవరో నాకు తెలీదు అన్నాడంటే ఇద్దరికీ స్టూళ్ళే. అదీ ఉంటే.

కాలితో కుర్చీ ఇటు జరిపాడు. ఎంతసేపు బావా, సూప్ చల్లారిపోతోంది అన్నాడు.

మార్చి 18

నిన్న కూర్చున్నాక ఏదో ఒకటి అనాలి కదా అని, అక్క ఎలా ఉందని అడిగాను. పోయి నాలుగేళ్ళయింది బావా అన్నాడు. నాకెవరూ చెప్పలేదన్నాను. చెప్పడానికి ఎవరున్నారన్నాడు.

పొద్దున్నుంచి ఏమీ తినబుద్ధి కావడం లేదు.