నీ పెట్టె ఉంచాలా, ఇచ్చెయ్యాలా?

ఖిదిర్‌పూర్, కలకత్తా
18 జనవరి 2010, సోమవారం

ప్రియమైన తమ్ముడు ఆదాముకు,

నిన్నూ, మరదలినీ, పిల్లలనూ దేవుడు తన రెక్కల నీడలో దాచాలని రోజూ మోకాళ్ల మీద అడిగే అక్క రోజమ్మ రాసే ఉత్తరం. ఇక్కడ మేమిద్దరం క్షేమమే, మీ బావకు దగ్గు తప్ప. దగ్గు అన్నానని కంగారుపడకు. ఆ కంగారేదో నేనే పడుతున్నాను.

మూడో తరగతి చదువుతో రాస్తున్నాను, తప్పులుంటే దిద్దుకుని చదువుకో. నీ ఫోన్ నంబరు మారిపోయింది కదా, అందుకని మీరిప్పుడు ఉంటున్న మల్కాపురం చర్చి అయ్యగారి పేరున పంపుతున్నాను. ఆయన ఊళ్లో లేకపోతే ఏమవుతుందో, అదొక బెంగ.

అసలు సంగతి నీ పెట్టె గురించి. టీవీ మాటలూ పాటలూ గట్టిగా వినిపించే ఆ పెట్టెను రిసీవర్ అనాలని నువ్వు చెప్పేవాడివి. నాకు నోరు తిరగక పెట్టె అనే అంటాను. ఫ్యాన్సీ మార్కెట్‌లో కొని, నువ్వూ మీ బావా చెరో పక్క పట్టుకుని ఆయాసపడుతూ మెట్లెక్కించిన పెట్టె. గుమ్మంలో దించుతూ ‘ఓలమ్మో, ఇది పాటలు పాడతాదా, పిండి రుబ్బుతాదా’ అని మీ బావ నవ్వడం నీకు గుర్తుండే ఉంటుంది. నువ్వు ఇల్లు విడిచి వెళ్లిన రోజున నీ బట్టలు పట్టుకుపోయావు గాని పెట్టె వదిలేశావు. అది అలాగే ఉంది. వారానికోసారి తుడుస్తాను. వెనక వైర్ల దగ్గర మాత్రం చెయ్యి పెట్టను, షాక్ కొడుతుందని భయం.

క్రిస్మస్‌కి మా అమ్మాయి యూనిస్ గోడకు తగిలించే పల్చటి టీవీ పంపింది. దానికి కొత్త రకం వైరు పెడితే గాని బొమ్మ బాగా రాదట. నీ పెట్టెకు ఆ వైరు దూరే బొక్క లేదు. పాత ఎర్ర, పసుపు వైర్లే పెట్టించాను. దానికితోడు నెల రోజులుగా నీ పెట్టె సాయంత్రాలు టక్కున ఆగిపోతోంది. యూనిస్‌కి చెబితే, ‘ఇంకా ఏటమ్మా ఆ గుదిబండ, పాతది తీసుకుని కొత్తదిచ్చే షాపువాడున్నాడు, శనివారం పంపిస్తాను’ అంది. మీ బావ వైపు చూశాను. ఆయన పేపరు మడిచి, ‘ఎవుడి సామానో ఆడినడగాల’ అన్నారు. అంతే, మళ్లీ పేపరు విప్పారు. అది నీకు రాయమనడమో, విసుక్కోవడమో నాకు తెలియలేదు. ఈ ఇంటి నుంచి నీకు ఉత్తరం ముక్క పోకూడదని అన్నది ఆయనే కదా.

అమ్మే ముందు దానికి వచ్చిన రోగమేమిటో తెలుసుకోవాలనిపించింది. రాత్రిళ్లు కూడా అదే ఆలోచన. ముందు నన్నే అనుమానించాను. చలికి ఇడ్లీ పిండి పులవడం లేదని, పెట్టె వెచ్చగా ఉంటుంది కదాని గిన్నెకు మంకీ క్యాప్ తొడిగి దాని నెత్తిన పెడుతున్నాను. నవ్వకు, పిండి బాగా పొంగుతోంది. ఆ వేడికే ఆగిపోతోందేమోనని గిన్నె తీసేశాను. పిండి పులవడం ఆగింది గాని, పెట్టె ఆగిపోవడం మానలేదు.

కరెంటు తేడానేమోనని కింది వాటాలో కాసులమ్మను అడిగితే, వాళ్ల టీవీ బాగానే ఉందట. లోపల బొద్దింకలేమోనని, నన్ను పిన్నీ అనే బెంగాలీ మెకానిక్ హారాధన్‌ను రప్పించాను. మూత విప్పి, బ్రష్‌తో దులిపి, ‘మాశీమా, ఇలాంటివి ఇప్పుడు తయారు చెయ్యడం లేదు, దీన్ని ఇచ్చేస్తే మీ ఇష్టం గాని నాకు ఏడుపొస్తుంది’ అన్నాడు. తన కొట్టుకి పట్టుకెళ్లి రెండు రోజులు వాయించాడు. ఒక్కసారి కూడా ఆగలేదట. తెచ్చి పెట్టిన సాయంత్రమే, మీ బావ సినిమా చూస్తుంటే, టక్!

చివరికి ఇక్కడి మన చర్చి అయ్యగారు టీకి వస్తే చెప్పాను. ఆయన పెట్టె మీద చెయ్యి వేసి ప్రార్థన చేశారు. మీ బావ తల వంచుకుని గట్టిగా ఆమేన్ అన్నారు. రెండు రోజులు ఆగలేదు. మూడో రోజు మళ్లీ మామూలే.

ఇంకో వింత కనిపెట్టాను. మీ బావ పాత యూనియన్ వాళ్ల దగ్గరికి గార్డెన్ రీచ్ వెళ్లిన రోజుల్లో నేనొక్కదాన్నే పెట్టుకుంటే అది ఆగదు. ఆయన కుర్చీలో కూర్చుంటేనే ఆగుతుంది. నాకొకటే తోచింది. నీ పెట్టె నీలాగే మీ బావ మీద అలిగింది.

ఇక్కడి ఓడల డాకులో క్రేన్ నీ చేత పట్టించింది ఆయనే. నువ్వు మూటల కూలీలు అక్కర్లేని కంటైనర్ల కంపెనీలో చేరతానన్న రోజున ‘మా పొట్ట కొట్టే మిషనే ఎక్కుతావేట్రా’ అన్నారు. ‘నీ జెండా పట్టుకుని కూకుంటే నా పిల్లలకి కూడెవుడెడతాడు’ అని నువ్వూ అన్నావు. ఎవరిది తప్పో నాకు అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. అయిదేళ్లయింది.

ఇప్పుడు నా భయం చెబుతాను. ఆ పెట్టె ఇక్కడ ఉన్నన్నాళ్లూ, దాన్ని తీసుకుపోవడానికైనా ఒక రోజు వస్తావని నాకు ఆశ. శనివారం షాపువాడు మోసుకుపోతే ఇక ఈ ఇంట్లో నీది అంటూ ఏమీ ఉండదు. నువ్వు రావడానికి వంక కూడా ఉండదు. అందుకని అడుగుతున్నాను. ఉంచాలా, ఇచ్చెయ్యాలా? నీ జవాబు వచ్చేదాకా షాపువాడిని ఏదో ఒకటి చెప్పి ఆపుతాను.

పిల్లలకు చలి తగలనివ్వకు. క్రేన్ మెట్లు మంచుకి జారుతాయి, చూసుకుని ఎక్కు.

ప్రభువు నిన్ను కాపాడాలని కోరే
మీ అక్క,
రోజమ్మ

తా.క. మంగళవారం పొద్దున్న. కవరు అంటించడానికి అన్నం మెతుకులు తీస్తుంటే మీ బావ చూసేశారు. ‘రాసీసినావేటి’ అన్నారు. చదవమన్నారు. పైదంతా చదివి వినిపించాను. నీ పెట్టె అలిగిందన్న చోట ఆయనకు నవ్వొచ్చి, దగ్గొచ్చి, మంచినీళ్లు ఇవ్వాల్సి వచ్చింది. తరవాత కప్పుకున్న శాలువాలోంచి పెట్టె రిమోట్ తీసి నా చేతిలో పెట్టారు. అదెప్పుడో పోయిందనుకున్నాను. ‘పెట్టెకేటీ నేదే. నేనే నొక్కీసినాను. అది సెడితే గాని నువ్వు ఆడికి రాయవు కదేటి’ అన్నారు.

‘ఓరి నాయనో, అయ్యగారి చేత దాని మీద ప్రార్థన కూడా చేయించాను కదా’ అని తిట్టాను. ‘ఆ ప్రార్థన ఊరికే పోద్దేటి’ అన్నారు.

షాపువాడిని రావద్దని యూనిస్‌కి చెప్పేశాము. కాబట్టి పెట్టె సంగతికి నువ్వు జవాబు రాయక్కరలేదు. ఏ రోజు, ఏ బండికి హౌరాలో దిగుతావో అది రాయి. స్టేషనుకు ఆయనే వస్తారట. ఈ మాట తను అడిగినట్టు నీకు రాయొద్దన్నారు. అందుకని నేను రాయలేదు, నువ్వు చదవలేదు.